వెలుగు చాలదట!

చేపల తొట్టిలో మొక్కలు పెంచేవారికి ఒక మంత్రం ఉంది. ఆకు పసుపుబారిందా? వెలుగు చాలదు. కొత్త చిగురు రావడం లేదా? వెలుగు చాలదు. ఎర్రగా ఉండవలసిన మొక్క ఆకుపచ్చగా ఉన్నదా? వెలుగు చాలదు. గాజు గోడలకు పాచి పట్టినదా? అది కూడా దీపం నాసిరకం కావడం వలననేనట, ఇంకా ఖరీదైనది కొంటే పోతుందట. ఏ రోగానికైనా ఒకే సూదిమందు పొడిచే వైద్యుణ్ణి చూసి నవ్వుకుంటాం గాని, ఈ వైద్యానికి మాత్రం చదువుకున్నవారమంతా బుద్ధిగా చెయ్యి చాపుతాం. నేనూ చాపాను. ఆ తరువాత జరిగినదానికి బాధ్యత నాదే అయినా, ఆ మంత్రం మీద నాకు కోపం ఉంది. ఆ కోపంతోనే వ్రాస్తున్నాను. చదువరులు మన్నింతురు గాక.

మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 54 లీటర్లు. మా నాన్నగారు 2011లో ఉద్యోగ విరమణ చేసి, హైదరాబాదులో మా యింటికి వచ్చినప్పుడు దీనిని పెట్టారు. తణుకు దగ్గర మా ఊరి పంటకాలువలోంచి నాలుగు వాలిస్నేరియా మొక్కలు తడి గోనెగుడ్డలో చుట్టుకొని బస్సులో తెచ్చారు. ఆయన దానిని రిబ్బను నాచు అనేవారు. దానికి అసలైన తెలుగు పేరు ఏమిటని అడిగితే "నాచుకి పేరేమిట్రా" అన్నారు. పైన ఒకటే దీపం, రెండడుగుల 18 వాట్ల ట్యూబులైటు. ఎరువు లేదు, వాయువు లేదు. అడుగున ఇసుక, ఇసుక కింద గుప్పెడు తోటమట్టి. ఆ నాలుగు మొక్కలు పక్కకు తీగలు పారించి మూడేళ్ళలో తొట్టి వెనుక గోడనంతా కప్పేశాయి. ఆయన 2019లో పోయారు. మొక్కలు ఉన్నాయి. అవి ఉన్నంతకాలం వంటింటికి వెళ్తూ అటువైపు ఒకసారి చూడడం మాకందరికీ అలవాటుగా ఉండేది.

2023 ఫిబ్రవరిలో నాకు దుర్బుద్ధి పుట్టింది. ముందు వరసలో పొట్టి మొక్కలు, మధ్యలో ఎర్ర మొక్కలు ఉంటే బాగుంటుందని ఒక దుకాణంలో మూడు రకాలు కొన్నాను. పది రోజులలో వాటి ఆకులు కరిగి రాలిపోయాయి. మళ్ళీ వెళితే దుకాణదారు నా తొట్టి కొలతలు అడిగి, నోటిలెక్క వేశాడు. "పద్నాలుగు గ్యాలన్లు సార్. గ్యాలనుకు రెండు వాట్లు వేసుకున్నా ఇరవై ఎనిమిది. మీది పద్దెనిమిది. వెలుగు చాలదు సార్." ముప్పై వాట్ల ఎల్‌.ఇ.డి. దీపం అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి వెలిగించాడు. కళ్ళు జిగేలుమన్నాయి. కొన్నాను.

మొదటి వారం అంతా పండుగ. ఆకుల కొసల నుంచి ముత్యాల్లా ప్రాణవాయువు బుడగలు పైకి లేచాయి. ఇంటికి వచ్చినవారినల్లా తీసుకువెళ్ళి చూపించాను. మూడవ వారానికి ఆకుల అంచులకు నూలుపోగుల్లాంటి పాచి పట్టింది. నాల్గవ వారానికి పోగులు జడలయ్యాయి. చేతితో లాగితే ఆకులతో సహా ఊడి వచ్చేవి. ఒక మిత్రుని సలహా మీద "ద్రవ కార్బన్" అని పేరు పెట్టి అమ్మే సీసా ఒకటి తెచ్చాను. అందులో ఉండేది చాలావరకు గ్లుటరాల్డిహైడ్. ఆసుపత్రులలో పరికరాలలోని సూక్ష్మజీవులను చంపడానికి వాడే రసాయనం. పాచిని చంపుతుంది, నిజమే. వాలిస్నేరియాను కూడా చంపుతుందని మొక్కలు పెంచేవారిలో చాలామందికి తెలుసు. నాకు తెలియదు. సీసా మీద వ్రాసి లేదు. పన్నెండు రోజులలో నాన్నగారి మొక్కలు మొదళ్ళ దగ్గర గాజులా పారదర్శకమై, వడలి, నీటిమీద తేలాయి.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినదన్న సామెతను చిన్నప్పటి నుంచి వింటున్నాం. విన్నంత మాత్రాన బుద్ధి వస్తుందా? నేను ఇంకా ముందుకే పోయాను. "ఇంత వెలుగు పెట్టి బొగ్గుపులుసు వాయువు ఇవ్వకపోతే పాచి రాక ఏం వస్తుంది?" అన్నాడు అదే మిత్రుడు. మాట సబబే. సిలిండరు తెచ్చాను, కాని దీపంతోపాటు వాయువును ఆపే విద్యుత్ కవాటం కొనకుండా డబ్బు మిగిల్చుకున్నాను. రోజూ రాత్రి చేత్తో కట్టేవాణ్ణి. మే నెలలో ఒకనాడు పెళ్ళికి వెళ్ళి అర్ధరాత్రి వచ్చి, కట్టకుండానే పడుకున్నాను. చీకటిలో మొక్కలు కూడా ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. దానికి సిలిండరుది తోడయింది. తెల్లవారేసరికి పన్నెండు నియాన్ టెట్రాలలో తొమ్మిది అడుగున పడి ఉన్నాయి. మిగిలిన మూడు నీటి పైభాగాన నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మా అమ్మ చూసి, "దీపం మార్చానన్నావు గదరా, చేపలెందుకు చచ్చాయి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చదివినదీ, తరువాతి రెండేళ్ళలో తొట్టి ముందు కూర్చుని చూసినదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

మొదట ఆ గ్యాలనుకు ఇన్ని వాట్లనే లెక్క సంగతి. వాటు అనేది దీపం గోడలోని ప్లగ్గు నుంచి ఎంత కరెంటు తాగుతుందో చెప్పే కొలత. దాని నుంచి ఎంత వెలుగు వస్తుందో అది చెప్పదు. ఈ సూత్రం లావుపాటి పాత ట్యూబులైట్ల కాలంనాటిది. అవి వాటుకు సుమారు అరవై, డెబ్బై ల్యూమెన్ల వెలుగు ఇచ్చేవి, అందులో సగం పైకిపోయి మూతలో వృథా అయ్యేది. ఇప్పటి ఎల్‌.ఇ.డి. వాటుకు నూరు ల్యూమెన్లు, అంతకు మించీ ఇస్తుంది, దాదాపు అంతా కిందికే. పద్దెనిమిది పోయి ముప్పై వచ్చిందనుకున్న చోట, నా మొక్కల మీద పడిన వెలుగు నాలుగైదింతలు పెరిగింది. తాత కొలిచిన కుంచంతో మనవడు కొలవడం మన ఊళ్ళలో తెలియనిది కాదు. కుంచం పరిమాణం మారిందని తెలిసీ పాత లెక్క చెప్పేవాడిని మాత్రం ఊళ్ళో ఎవరూ మంచివాడనలేదు.

వాట్లు పోతే ల్యూమెన్లు. ఇవి మరీ మోసకారి కొలతలు. ల్యూమెన్ అనేది మనిషి కంటికి ఏది ఎంత కాంతివంతంగా కనిపిస్తుందో దాన్ని బట్టి కట్టిన కొలత. మన కంటికి 555 నానోమీటర్ల దగ్గరి పచ్చని కాంతి అన్నిటికన్నా ప్రకాశవంతంగా తోస్తుంది. మొక్కకు కన్ను లేదు. అది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి కణాలను ఎన్ని పట్టుకున్నదో అంతవరకే దానికి లెక్క. అందుచేతనే వ్యవసాయ శాస్త్రజ్ఞులు చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోళ్ళు అని ఆ కణాలను లెక్కపెడతారు. దానిని పార్ అంటారు. దుకాణంలోని అట్టపెట్టెల మీద పార్ విలువ చూసినవారెందరు? దానికి బదులు "పూర్తి వర్ణపటం", "10000 కెల్విన్", "సూర్యకాంతి సమానం" అని బంగారు అక్షరాలు కనిపిస్తాయి. కెల్విన్ కూడా మన కంటికి తెలుపు ఎంత నీలంగా తోస్తుందో చెప్పేదే. ఇక మొక్కలకు ఎరుపు, నీలం చాలు, పచ్చ దండగ అనే ప్రచారం ఒకటి ఉంది. 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రజ్ఞుడు ఇరవైరెండు రకాల పంటమొక్కల మీద పరీక్షలు చేసి, పచ్చని కాంతిని కూడా ఆకులు గణనీయంగానే వాడుకుంటాయని చూపించాడు. యాభై యేళ్ళు దాటినా ఆ సంగతి అట్టపెట్టె దాకా చేరలేదు.

ఈ కొలతల గొడవ అంతా చక్కబడినా అసలు తప్పు మిగిలే ఉంటుంది. వెలుగు మొక్కకు అన్నం కాదు, ఆకలి. దీపం పెంచినప్పుడల్లా మొక్క బొగ్గుపులుసు వాయువును, నత్రజనిని, భాస్వరాన్ని, పొటాషియంను, ఇనుమును మరింత అడుగుతుంది. అవి లేనిచోట దీపం పెంచడమంటే, ఇంట్లో బియ్యం లేనివాడిని కొండ ఎక్కించి ఆకలి పుట్టించడమే. అన్నిటికన్నా కొరతగా ఉన్నదాని మేరకే మొక్క పెరుగుతుందనే నియమాన్ని జర్మనీలో స్ప్రెంగెల్ చెప్పగా, లీబిగ్ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చాడు. మన రైతుకు ఈ సంగతి పాఠం చెప్పనక్కరలేదు. నీరు లేని చేనుకు యూరియా చల్లితే ఏమవుతుందో అతనికి తెలుసు.

నీటిలో ఆ కొరత చాలాసార్లు బొగ్గుపులుసు వాయువుది. గాలిలో కన్నా నీటిలో అది పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో లీటరుకు సుమారు అర మిల్లీగ్రామే ఉంటుంది. సిలిండరు పెట్టేవాళ్ళు లక్ష్యంగా పెట్టుకునేది ముప్పై మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరాన్ని దీపం దాటించలేదు. దాటించలేని చోట మిగిలిపోయిన వెలుగును, మొక్కలు తీసుకోలేక వదిలిన పోషకాలను పాచి తీసుకుంటుంది. పాచికి కావలసినది అత్యల్పం, దాని పెరుగుదల అతివేగం. ఇది పాచి తప్పు కాదు. మనం విస్తరి వేసి పిలిచాం.

వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటివి ఇంకో ఉపాయం కూడా ఎరిగినవి. వాయువు దొరకనప్పుడు అవి నీటిలో కరిగి ఉన్న బైకార్బనేటు నుంచి కర్బనాన్ని తీసుకోగలవు. హైదరాబాదు బోరు నీళ్ళు కఠినమైనవి, బైకార్బనేటుకు కొదవ లేదు. గీజరులో, బకెట్టు అంచుల్లో తెల్లగా పేరుకునే సున్నం ఎవరు చూడలేదు? ఆ సున్నపు నీటిలో, ఆ మసక ట్యూబులైటు కింద నాన్నగారి మొక్కలు అన్నేళ్ళు ఎందుకు బ్రతికాయో, వాటిని చంపుకున్న తరువాత గాని నాకు తెలియలేదు. ఆ తొట్టిలో తిండికి, ఆకలికి లెక్క సరిపోయింది. నేను వచ్చి దానిని "అభివృద్ధి" చేశాను.

మరి ఆ దుకాణపు మొక్కలు పది రోజులలో ఎందుకు కరిగాయి అంటారా? అదే నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి. తొట్టి మొక్కలలో చాలా రకాలను నర్సరీలలో నీటి పైన, తేమ గాలిలో పెంచుతారు. త్వరగా పెరుగుతాయి, పాచి పట్టదు, రవాణా సులువు. నీటిలో ముంచగానే గాలిలో పుట్టిన ఆ ఆకులు పనికిరాక రాలిపోతాయి. కాండం, వేరు బ్రతికి ఉంటే కొన్ని వారాలకు నీటికి తగిన కొత్త ఆకులు వస్తాయి. క్రిప్టోకోరైన్ జాతి మొక్కలైతే నీరు మారినా, చోటు మారినా అలిగినట్లు ఆకులన్నీ రాల్చేసి మళ్ళీ చిగురిస్తాయి. ఆ సమయంలో కొన్నవాడు చేయవలసినది ఓపిక పట్టడం. ఓపిక అమ్ముడుపోయే సరుకు కాదు గనుక దీపం అమ్ముతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "అయ్యా, మధ్యాహ్నపుటెండలో రెండువేల మైక్రోమోళ్ళ వెలుగు ఉంటుంది. మీ తొట్టిలో నలభయ్యో యాభయ్యో. చెరువులో మొక్కలు అంత ఎండలో బ్రతకడం లేదా?" తెలివైన ప్రశ్నే. చెరువులో ఆ రెండువేలు పడేది నీటి పైన. అక్కడ తామరాకు, కలువాకు, అంతరతామర గొడుగులు పట్టి ఉంటాయి. కింద బురద నీటిలో మునిగినవాటికి చేరేది ఆ వెలుగులో చిన్న పాలు. అడుగున కుళ్ళే ఆకుల నుంచి, బురద నుంచి బొగ్గుపులుసు వాయువు తెరపి లేకుండా ఊరుతూ ఉంటుంది. హైడ్రిల్లా నిండు ఎండలో నూరోవంతు వెలుగులో కూడా పెరగగలదని పరిశోధకులు చూశారు. ఆ గుణం వల్లనే, 1950ల తొలినాళ్ళలో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరిన ఆ మొక్క అక్కడి కాలువలను, సరస్సులను పూడ్చివేసి ఇప్పటికీ కోట్ల డాలర్ల ఖర్చు పెట్టిస్తున్నది. చీకటిలో అంత బలం ఉన్నదానిని చూసి వెలుగు చాలదనడం ఎవరి అజ్ఞానం?

అసలు ఈ వెర్రికి మూలం ఛాయాచిత్రాలలో ఉన్నదని నా అనుమానం. జపానుకు చెందిన తకాషి అమానో (1954-2015) నీటి వనాలను కళగా మలచినవాడు. ఆయన మీద నాకు గౌరవం తప్ప వేరే భావం లేదు. ఆయన గట్టి దీపాలు వాడాడు, నిజం. వాటితోపాటు సిలిండరు, ఎరువులు, తరచుగా నీరు మార్చడం, గంటల తరబడి కత్తిరింపులు ఉన్నాయి. పైగా ఆయన స్వతహాగా ఛాయాగ్రాహకుడు. ఆ ప్రసిద్ధ చిత్రాలు పెద్ద ఫిల్ము కెమెరాలతో, తొట్టి పైన ప్రత్యేకంగా ఫ్లాష్ దీపాలు అమర్చి తీసినవి. ఒక్క క్షణపు మెరుపును చూసి మనం దానిని రోజుకు పది గంటలు మన ఇంట్లో వెలిగించాలనుకుంటున్నాం. పెళ్ళి ఫొటోలో ఉన్న ముస్తాబుతో పొద్దున్నే పాలు తీసుకురావడానికి వెళ్ళేవారు ఎవరైనా ఉన్నారా?

ఆ చిత్రాల మోజులో మనం నీడ మొక్కలను చిన్నచూపు చూడడం నేర్చుకున్నాం. పశ్చిమ ఆఫ్రికా వాగుల ఒడ్డున చెట్ల నీడలో పెరిగే అనూబియాస్, రాతిని పట్టుకుని పెరిగే జావా ఫెర్న్, మన దక్షిణాపథపు వాగుల్లోనే పుట్టిన క్రిప్టోకోరైన్లు, ఇవన్నీ "మొదటిసారి పెంచేవారికి" అనే అరలోకి వెళ్ళిపోయాయి. నెలకు ఒక ఆకు వేసే అనూబియాస్ మీద తీవ్రమైన కాంతి పెడితే ఆ ఆకు మీద నల్లటి చుక్కలుగా పాచి దిగుతుంది. అప్పుడు ఆ మొక్క చెడ్డదంటారు.

చేపల మాట ఎవరూ ఎత్తరు. చేపకు రెప్ప లేదు. చాలా చేపల కంటిపాప మనదిలా వెలుగుకు ముడుచుకోదు కూడా. నియాన్ టెట్రాల పూర్వీకులు అమెజాన్ ప్రాంతపు వాగులవి. వాటి దగ్గరి బంధువులైన కార్డినల్ టెట్రాల నీరు రాలిన ఆకులతో తేనీరు రంగులో ఉంటుంది, పైన అడవి నీడ. కొత్త దీపం వెలిగించిన రోజున మా టెట్రాలు పన్నెండూ వెనుక మూలకు పోయి రిబ్బను ఆకుల చాటున నిలబడ్డాయి. రంగు వెలిసిపోయింది. దీపం కొత్త గనుక అలవాటు పడతాయనుకున్నాను. తరువాత ఆ ఆకులు కూడా లేకుండా చేశాను.

దీపం మార్చనే వద్దని నేననడం లేదు. అడుగున్నర, రెండడుగుల లోతు తొట్టికి ఒక ట్యూబులైటు నిజంగానే చాలదు. ట్యూబులైట్ల కాలం ఎలాగూ ముగుస్తున్నది. పాదరసం మీద మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు వాటి తయారీని 2027 నాటికి నిలిపివేయాలని 2023లో నిర్ణయించుకున్నాయి. ఎల్‌.ఇ.డి. తప్పదు, కరెంటూ ఆదా. కాని మార్చేముందు చూడవలసిన సంగతులు పైసా ఖర్చు లేనివి చాలా ఉన్నాయి. తొట్టి మీది గాజు మూతకు పట్టిన సున్నపు మరకలను వెనిగరుతో కడిగారా? ఎంత వెలుగు తిరిగి వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు. మొక్కకు ఎరువు కావాలేమో చూశారా? పాత ఆకులు పసుపుబారితే చాలావరకు నత్రజని కొరత, కొత్త ఆకులు పాలిపోతే ఇనుము కొరత, వెలుగు కాదు. అవన్నీ అయ్యాక కూడా దీపం కొనవలసివస్తే, ప్రకాశాన్ని తగ్గించుకోగల దీపం కొని మూడోవంతు దగ్గర మొదలుపెట్టండి. తగ్గించే వీలు లేనిదైతే అడుగు ఎత్తున వేలాడదీయండి. గంటలు కూడా వెలుగే. రోజుకు పది గంటలను ఏడు చేస్తే మొక్కకు చేరే మొత్తం ముప్పై శాతం తగ్గుతుంది. దానికి కావలసినది ఒక టైమరు. పెంచాలంటే రెండు మూడు వారాలకొక మెట్టు. పాచి కనబడితే ఒక మెట్టు వెనక్కి. దీంట్లో రహస్యం ఏమీ లేదు. వీటిని దుకాణంలో ఎవరూ చెప్పరు గనుక చెప్పవలసివచ్చింది.

నామీద వచ్చే నింద నాకు తెలుసు. నిర్లక్ష్యంగా సిలిండరు తెరిచి పడుకున్నవాడు దీపాన్ని తిట్టడమేమిటని. ఒప్పుకుంటాను, ఆ తొమ్మిది చేపల లెక్క నాదే. అయితే ఆ సిలిండరు నా ఇంటికి ఎందుకు వచ్చింది? పాచి వలన. పాచి ఎందుకు వచ్చింది? నూలుపోగు లాగుతూ పోతే కండె దగ్గరికే చేరుతాం. పద్దెనిమిది వాట్ల ట్యూబులైటు కింద సిలిండరు అవసరం అన్నేళ్ళలో ఒక్కరోజు కూడా పడలేదు.

ఆ వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు కాలువ కట్టారేమోనని భయపడుతూనే వెళ్ళాను. కట్టారు. అడుగున ఎండిన బురద. మా చిన్నాన్న ఇంటి వెనుక సిమెంటు తొట్టిలో మాత్రం, నాన్నగారు ఎప్పుడో పశువులు తాగే నీళ్ళలో పాచి పట్టకుండా ఉంటుందని వేసిన రిబ్బను నాచు పచ్చగా ఉన్నది. పైన వేపచెట్టు నీడ. "ఎన్ని కావాలిరా, పీక్కో" అన్నాడు చిన్నాన్న. నాలుగు పీక్కున్నాను. ఇప్పుడు తొట్టి మీద ఉన్నది ఎనిమిది వాట్ల ఎల్‌.ఇ.డి., ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. ఆ ముప్పై వాట్లది అట్టపెట్టెలోనే ఉన్నది. ఎవరికైనా ఇద్దామంటే, ఇచ్చేటప్పుడు ఇదంతా చెప్పవలసివస్తుందని ఇంకా ఇవ్వలేదు.